విత్తన సంస్థలు - లెక్కకు రాని పనివారు

హుజూరాబాదు, జమ్మికుంట, శంకరపట్నము ప్రాంతములలో ఫాల్గుణమాసమున పగలు పదిగంటలవేళ పొలముగట్టున నిలిచినవారికి ఒక దృశ్యము కన్పట్టును. ఇద్దరు స్త్రీలు పొడవైన తాటికి చెరియొక కొన పట్టుకొని, పైరుమీదుగా ఈడ్చుకొనుచు నడచుచుందురు. మగవరి వెన్నులూగి పుప్పొడి లేచి ప్రక్కసాళ్లలోని ఆడవరిపై పడును. అరగంట గడచినపిమ్మట వారు మరల మొదటినుండి నడతురు. మిట్టమధ్యాహ్నము వరకును ఇదియే పని. పూత నిలిచినన్ని దినములును ఇదియే పని. రైతులు దీనిని ఆడమగ వరి యందురు, శాస్త్రజ్ఞులు సంకరవరి విత్తనోత్పత్తి యందురు. పేరేదైనను, భారతదేశమున అమ్ముడుపోవు సంకరవరి విత్తనములో అత్యధికభాగము కరీంనగరము, వరంగల్లు ప్రాంతముల పొలములలోనే తయారగుచున్నది. తెలంగాణము దేశమునకు విత్తన భాండాగారమని పాలకులు పలుమారు చెప్పుకొనుటకు ఆధారములలో ఈ తాడొకటి.

ఈ విత్తనము నమ్ము సంస్థలు నేడు తమ్ము వ్యాపారసంస్థలని గాక జన్యువిజ్ఞాన సంస్థలని చెప్పుకొనుచున్నవి. అందు తప్పులేదు. ఉద్యోగుల అభివృద్ధి, స్త్రీలకు సమానావకాశము, అన్ని వర్గములవారిని కలుపుకొనిపోవు పద్ధతి అను మాటలు ఇట్టి సంస్థల ప్రకటనలలో తరచుగా వినవచ్చుచున్నవి. సంస్థను కుటుంబముతో పోల్చుటయు వాడుకయైనది. మేము వీనిని పరిహసింపము. మా కాలేజీ దినములలో ప్రయోగశాలలయందు ఆడపిల్లలు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది యుండిరి. నేడు అట్లులేదు, సంతోషము. అయినను ఆ కుటుంబములో ఎందరున్నారని యడుగు హక్కు మాకు కలదు. హైదరాబాదు కార్యాలయమున జీతపుపట్టీలో నున్నవారు మాత్రమేనా? తాడు లాగిన యిద్దరికిని అందు చోటున్నదా?

ఈ ప్రశ్న యేల పుట్టినదో తెలియుటకు పని స్వభావము కొంత తెలియవలెను. వరి తనపూతను తానే ఫలింపజేసికొను పంట. రెండు జాతులను కలుపవలెనన్న, పుప్పొడి గొడ్డువోయిన వరి యొకటి కావలెను. అట్టి అడవివరిమొక్క 1970లో చైనాదేశపు హైనాన్ ద్వీపమున దొరకినది. దాని యాధారముతో యువాన్ లాంగ్‌పింగ్ మొదలగువారు సాధించిన సంకరవరి 1976 నాటికి అచటి రైతులకు అందినది. మనదేశమున 1989లో రాజేంద్రనగరపు వరి పరిశోధన సంస్థ నాయకత్వమున ఈ కృషి ముమ్మరమయ్యెను. 1994లో మారుటేరు పరిశోధనాస్థానము నుండి తొలి సంకరములు వెలువడెను. పొలాసలో పుట్టిన జగిత్యాల సన్నాలను రైతు తానే దాచుకొని మరల విత్తుకొనగలడు. సంకరము అట్టిది కాదు, ఏటేట క్రొత్తగా చేయవలసినదే. కనుక సంస్థ యొక్క ఆదాయము ఏటేట ఎవరో చేతులతో చేయు పనిపై ఆధారపడియున్నది.

తాడు లాగుట తేలిక. కేళీలు తీయుట తేలిక కాదు. ఆడసాళ్లలో దొంగగా మొలచిన పరాయిమొక్కను, దాని ఎత్తు, ఆకురంగు, వెన్ను తీరు చూచి పూతకు ముందే గుర్తించి పెరికివేయవలెను. ఒక్క మొక్క మిగిలినను దాని పుప్పొడి చుట్టునున్న గింజలను చెరచును. స్వచ్ఛత పరీక్షలో విత్తనము తప్పినచో సంస్థ దానిని కొనదు, రైతు సంవత్సరపు కష్టము మామూలు వడ్లధరకు పోవును. ఇరువది పంటలు చూచిన స్త్రీ గట్టుమీదనుండియే కేళీని చూపగలదు. వ్యవసాయ పట్టభద్రుడైన యువకుడు తొలిసంవత్సరమున ఆమె వెంట నడచి నేర్చుకొనును. మూడేండ్లకు అతనికి పదోన్నతి కలుగును, మోటారుబండి వచ్చును. ఆమెకు మరుసటియేడు మరల అదే దినకూలి. ఉద్యోగాభివృద్ధి యన నేమో ఈ యిద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో తెలియును. మగకూలి యని, ఆడకూలి యని రెండు ధరలు వేరుగా నున్నవి. ఆడమగ వరిలో విత్తనము దిగునది ఆడసాళ్లనుండియే. మగసాళ్లను ముందుగా కోసి తొలగింతురు. కూలిలెక్క మాత్రము తలక్రిందులుగా నున్నది.

సంస్థల సమాధానము మాకు తెలియును. కూలీలను పెట్టుకొనునది రైతు, రైతుతో మాటాడునది ఆర్గనైజరు, మేము విత్తనము కొనువారమే యని వారందురు. పెక్కుచోట్ల రైతుచేతిలో ఒప్పందపు కాగితమే యుండదు. ఇక కూలిదాని మాట యెక్కడ? అయితే మగవరి నారు ఏదినమున పోయవలెను, సాళ్లెన్ని నాటవలెను, వెన్ను పొట్టనుండి వెడలుటకు జిబ్బరెల్లిక్ ఆమ్లము ఎప్పుడు చల్లవలెను, ఏ మడి పనికిరాదు అని నిర్ణయించునది ఎవరు? సంస్థ ప్రతినిధియే. ఆజ్ఞ తనది, బాధ్యత ఇంకొకరిది యనుట న్యాయస్థానములకు క్రొత్త వాదము కాదు. 1978లో హుస్సేన్‌భాయి కేసులో సుప్రీంకోర్టు, మధ్యవర్తి యెవరైనను, ఎవరి వ్యాపారముకొరకు శ్రమ జరుగుచున్నదో, ఎవరి చేతిలో ఆ శ్రమజీవుల బ్రతుకున్నదో వారే వాస్తవమున యజమానులని తీర్పు చెప్పినది. తీర్పు వ్రాసినవారు కృష్ణయ్యరుగారు. ఆ కేసులోని కూలీలు త్రాళ్లు పేనువారగుట విశేషము. అది కార్ఖానా విషయమనియు, తరువాతి తీర్పులు దాని విస్తృతిని తగ్గించినవనియు మేమెరుగుదుము. పొలమునకు దానిని యథాతథముగా తగిలింపలేము. కాని 2013లో పార్లమెంటు చేసిన, పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు చట్టమున ఉద్యోగి యను మాటకు చెప్పిన అర్థమును చూడుడు. దినకూలియైనను, గుత్తేదారు ద్వారా వచ్చినను, అసలు యజమానికి తెలిసినను తెలియకున్నను ఆమె ఉద్యోగియే. పదిమందికి తక్కువయున్న పనిచోట్లకు జిల్లాలో స్థానిక సంఘము నేర్పరుపవలసిన బాధ్యత జిల్లా అధికారిది. అట్టి సంఘమొకటి తన జిల్లాలో నున్నదని తాడు లాగు స్త్రీలలో ఎందరికి తెలియును? సమానకూలిని 1976 చట్టమే విధించినది. 2019లో చేసి 2025 నవంబరులో అమలునకు తెచ్చిన వేతనస్మృతిలోను ఆ నియమమున్నది.

గోదావరికి ఈవల రామగుండము, ఆవల మంచిర్యాల. సింగరేణి గనిలో దిగువాని పేరు మస్టరులో నుండును. గాయపడినను మరణించినను ఆ పేరును బట్టియే లెక్క. 1952 గనుల చట్టము స్త్రీని భూగర్భమునకు దిగనీయలేదు; 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ పనులకు ఆ నిషేధమును సడలించినది. ఆ మార్పు ఊరక రాలేదు, అడుగుటవలన వచ్చినది. పొలములో స్త్రీని ఎవరును నిషేధింపలేదు, ఎవరును వ్రాసికొననులేదు.

ఆదిలాబాదు నల్లరేగడి రైతునకు ఇది పరాయిమాట కాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినపిమ్మట ఆ జిల్లా పత్తిచేలన్నియు సంస్థల పొట్లముపై ఆధారపడినవి. సంకరపత్తి విత్తనమునకు మొగ్గమొగ్గకు కేసరములు గిల్లి చేతితో పుప్పొడి రాయవలెను. మహబూబునగరము, కర్నూలు జిల్లాలలో ఆ పని ఆడపిల్లలచేత చేయించిరి. బడిలో నుండవలసిన పసివారు చేలలో నున్నారని లోకము నిలదీసినప్పుడు, వారు మా పనివారు కారనుటయే తొలి జవాబు. కాని ఆందోళన నిలిచినందున, 2000 తరువాతి దశకములో కొన్ని పెద్దసంస్థలే చేలను తనిఖీ చేయుటకును, బాలలను పెట్టని రైతునకు అదనపుధర నిచ్చుటకును ఒప్పుకొనవలసి వచ్చినది. పట్టీలో లేనివారిపట్ల బాధ్యత వహించుట అసాధ్యమనువారికి ఈ అనుభవమే జవాబు.

ఒత్తిడి పెంచినచో సంస్థలు వేరురాష్ట్రమునకు పోవునను భయము రైతులలో కలదు. ఆ భయమును మేము త్రోసిపుచ్చము. బ్యాంకుఋణము తీర్చుకొనవలసినది వారు. అందుచేతనే కూలిభారమును రైతునెత్తిన పెట్టవలెనని మేము చెప్పుట లేదు. సంస్థ, ఆర్గనైజరు, రైతు ముగ్గురును సంతకము చేసిన తెలుగు ఒప్పందపత్రముండవలెను. అందులో విత్తనధరతోపాటు కూలిధరయు విడిగా కనబడవలెను. పూతకాలమున పనిచేసిన ప్రతివ్యక్తి పేరు, బీహారునుండి, వంగదేశమునుండి వచ్చిన నాటుకూలీల పేర్లతోసహా, సంస్థ ఒక పుస్తకమున వ్రాయవలెను. కేళీలు గుర్తింపగల స్త్రీకి పరీక్షపెట్టి పత్రమిచ్చి, క్షేత్రసహాయకురాలి జీతమునకు తీసికొనవలెను. ఆమెకు డిగ్రీ లేదనుట సాకు.

వచ్చు యాసంగి నారుమళ్లు కార్తీకమాసమున మొదలగును. అంతలో కరీంనగరము, హనుమకొండ కలెక్టర్లు తమ జిల్లాల స్థానిక సంఘముల సభ్యుల పేర్లను ప్రతి గ్రామపంచాయతీ గోడమీద తెలుగున వ్రాయింపవలెనని కోరుచున్నాము. ఏ సంస్థయైనను ఇట్టి పుస్తకమును తెరచినచో, ఆ వార్తను ఈ పుటయందే ప్రకటింతుము.