తీగ తెగిన మర్నాడు

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే పూట, కొండ కనిపించే పల్లెలోనే సిగ్నల్ కోసం మిద్దెక్కాల్సి వస్తే అదేం న్యాయం? ఊరికి ఇంటర్నెట్ లైను రావడం వేరు, ఇంటికి రావడం వేరు. 2011లో కేంద్రం ఆమోదించిన ఫైబర్ పథకం, ఇప్పటి భారత్‌నెట్, మొదట గురిపెట్టింది పంచాయతీల మీదే. ఆంధ్రప్రదేశ్ మాత్రం కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఊళ్లోని కేబుల్ ఆపరేటర్ల చేత ఇంటిదాకా చేర్చే దారి పట్టింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. చవకే, కాదనలేం. తవ్వకాల ఖర్చూ తప్పింది. కానీ అసలు పరీక్ష గాలివాన మర్నాడు. చింతకొమ్మ విరిగి పడితే కరెంటోళ్లు తమ తీగ ముడేసుకుని పోతారు. ఫైబర్‌కు ఆ ముడి కుదరదు. వెంట్రుకంత సన్నటి గాజుపోగును చివరలు శుభ్రంగా కోసి, మిషన్లో వేడితో అతికించాలి. ఆ మిషను, అది పట్టిన కుర్రాడు ఎంత దూరంలో ఉన్నారన్నదే కుప్పం, పలమనేరు పల్లెల్లో అసలు స్పీడు. కాబట్టి కొత్త కనెక్షన్ల లెక్కలు చెప్పేముందు మండలానికో రిపేరు జట్టును పెట్టాలి. తెగిన లైనుకు గడువు కట్టి, అది దాటితే బిల్లులో కోత వేయాలి.