చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఆగిన కారు మేనత్త ఇంటి ముందు ఆగదా?

రెడ్డిగూడెంలో పుట్టి హైదరాబాదు, బెంగళూరు, అమెరికా, ఆస్ట్రేలియా చేరినవారికీ, వాళ్ళ రాక కోసం అరుగుల మీద ఎదురుచూసేవారికీ ఒక విన్నపం.

సంక్రాంతికి వస్తారు మీరు. శంషాబాద్‌లో విమానం దిగుతారు. కోదాడ దాటి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మన రాష్ట్రంలో అడుగుపెడతారు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఆగుతారు, ఆగక తప్పదు గనక. పండగ ముందు అక్కడ బండ్ల బారు ఎంతుంటుందో ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆ పక్కనే జగ్గయ్యపేటలో మీ మేనత్త ఉంటుంది. ఇంకాస్త ముందుకొస్తే నందిగామలో మీ పిన్ని కూతురు. కారు ఆగదు. ఇబ్రహీంపట్నం దగ్గర మలుపు తిరిగి మైలవరం మీదుగా ఊళ్ళోకి వచ్చేస్తారు.

నాలుగు రోజులకి ఆ మేనత్త ఫోనులోకి ఒక కార్డు వస్తుంది. ఫలానా తారీఖున విజయవాడ ఫంక్షన్ హాల్లో మా అబ్బాయికి పంచెల ఫంక్షను, సకుటుంబంగా విచ్చేయగలరు. డెబ్బై దాటిన మనిషి మోకాళ్ళు పట్టుకుని బస్సెక్కుతుంది. స్టేజి మీద అక్షింతలు వేస్తుంది. ఫొటోగ్రాఫరు ఇటు చూడమంటాడు, చూస్తుంది, దిగుతుంది. ఆ ట్రిప్పు మొత్తానికి మీరు ఆమెతో అన్నది ఒకే మాట, "భోంచేసి వెళ్ళత్తా" అని.

మా మొదటి కోరిక ఇది: చుట్టాల్ని హాలుకు పిలవడం తగ్గించి, మీరే వాళ్ళ గడపకు వెళ్ళండి. అందులోనూ ముందు ఆడపడుచుల గడపకు.

ఇది ఎవరి పాపమో తేల్చడానికి రాయడం లేదు. రాకపోకలు తగ్గడానికి కారణాలు మన కళ్ళముందే ఉన్నాయి. వెనక మామిడి కోతంటే ఇంటిల్లిపాదీ తోటలో ఉండేవాళ్ళు. చిన్న రసాలు ఒక గంప మైలవరం, ఒక గంప తిరువూరు, ఒక గంప నూజివీడు. ఆడపిల్లని ఏ ఊరిచ్చామో ఆ ఊరికల్లా గంప వెళ్ళేది, గంపతో పాటు మనిషీ వెళ్ళేవాడు. ఇప్పుడు తోటలు పూత మీదే వ్యాపారికి ఇచ్చేస్తున్నాం. డబ్బు బ్యాంకులో పడుతుంది, గంప మోసే పని ఎవరికీ లేదు. మేనరికాలు కూడా తగ్గాయి. తగ్గడం మంచిదే. పుట్టే పిల్లల ఆరోగ్యం గురించి డాక్టర్లు చెబుతున్నదాన్ని కాదనే మూర్ఖత్వం మాకు లేదు. కానీ తరానికోసారి అన్నాచెల్లెళ్ళ ఇళ్ళని మళ్ళీ ముడివేసేది ఆ పెళ్ళిళ్ళే. ఆ ముడి పోయిన చోట వేరే ముడి ఏదీ మనం వేయలేదు.

ఇక పొలం సంగతి. నలుగురిలో అనని మాట, కరపత్రంలో అంటే తప్పుపట్టకండి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. దేశమంతటికీ 2005లో చట్ట సవరణతో వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్నదానితో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత చట్టం వచ్చాక మన ఊళ్ళల్లో జరిగిందేమిటి? అన్న చెల్లెలి గడప తొక్కేది సంతకం కోసమే అయింది. చీర, పసుపు కుంకుమ, వాటిమీద కాగితం. అమెరికా నుంచి ఫోను వచ్చినా ఆమె గుండె ఝల్లుమంటుంది, ఏం సంతకమో అని. వాటా అడిగిన చెల్లెలితో మాటల్లేవు, అడగని చెల్లెలి ఇంటికి వెళ్ళే తీరికలేదు.

వాటా గొడవ తేల్చడం ఈ కాగితం వల్ల కాదు. హక్కున్నవాళ్ళు అడగాలి, ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వాలి. దానికి లాయర్లున్నారు, కోర్టులున్నాయి. మా మాటల్లా, చుట్టపుచూపుగా వెళ్ళిన రోజున సంచిలో దస్తావేజు ఉండకూడదని. కోర్టులో వాయిదా నడుస్తున్నా సరే, పండక్కి వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. తాగినవాళ్ళున్నారు మన ఊళ్ళో.

ఈ కాగితం రాస్తున్న నాకు మాత్రం ఈ నీతులు చెప్పే అర్హత ఉందా అంటే, లేదు. మధిర వైపు ఇచ్చిన మా పెద్ద మేనత్త ఇంటికి పదకొండేళ్ళు వెళ్ళలేదు. మధ్యలో మనదీ వాళ్ళదీ రెండు రాష్ట్రాలయ్యాయని వంక చెప్పుకునేవాణ్ణి. మధిర నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో కూడా అటూ ఇటూ పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్న కుటుంబం మాది. మరి నాకేమొచ్చింది? చివరికి ఆవిడ పెద్దకర్మకి వెళ్ళాను. వాకిట్లో ఒక కుర్రాడు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ "మీరు ఎవరి తాలూకండీ?" అన్నాడు. వాడు మా మేనత్త మనవడు. వరస చెప్పుకోవడానికి నేను తడుముకోవాల్సి వచ్చింది.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. మా నాయనమ్మ పుట్టింటి పేరు ఆ మేనత్త ఒక్కదానికే తెలుసు. ఇప్పుడెవరికీ తెలియదు.

అందుకే రెండో కోరిక: ఇంటికో పుస్తకం పెట్టండి. పూర్వం వంశరాజులు ఇంటింటికీ వచ్చి ఇంటిపేరూ గోత్రమూ తాతముత్తాతల వరసా ఏకరువు పెట్టేవాళ్ళు. ఊరందరి లెక్కా నోటిమీద ఉండే కరణాలు 1984లో పోయారు. వాళ్ళ పెత్తనం పోయినందుకు మాకు విచారం లేదు. కానీ ఆ వంశరాజుల వరసైనా, ఇప్పుడు పిల్లలు కంప్యూటర్లో గీస్తున్న వంశవృక్షమైనా తండ్రి నుంచి కొడుక్కే దిగుతుంది. ఆడపిల్ల దగ్గర కొమ్మ తెగిపోతుంది. మన చుట్టరికం నిజంగా పాకింది ఆ తెగిన కొమ్మల మీదనే. అంచేత ఈ పుస్తకంలో ఇచ్చిన ఆడపిల్ల పేరు, ఇచ్చిన ఊరు, ఆమె పిల్లల పేర్లు ముందు రాయండి. తెచ్చుకున్న కోడళ్ళ పుట్టింటి పేర్లు రాయండి. పొలాల లెక్క అందులో వద్దు. బీపీ, షుగరు, గుండెజబ్బు ఎవరికి ఏ వయసులో వచ్చాయో రాస్తే మాత్రం మీ పిల్లల డాక్టరుకు పనికొస్తుంది.

కాగితం విలువ తెలియాలంటే మారిషస్ తెలుగువాళ్ళని చూడండి. చెరకు తోటల్లో పనికి కూలీ ఒప్పందం మీద ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ సంతతి. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవారు. మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆనాటి వలస రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు దొరుకుతాయేమోనని ఈనాటికీ ఆ రిజిస్టర్ల కోసం వెళ్ళేవాళ్ళున్నారు. తెల్లదొర గుమాస్తా తన లెక్క కోసం రాసుకున్న ఒక్క వరస వాళ్ళకి మిగిలిన ఆధారం. మనకి చేతిలో ఫోనుంది, అడిగితే చెప్పే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఒక్క వరసా రాసుకోలేదు.

ఊళ్ళో ఉన్నవాళ్ళకీ ఒక మాట. వచ్చినవాళ్ళు మళ్ళీ రాకపోవడానికి మనం చేసేవీ ఉన్నాయి. కాఫీ గ్లాసు చేతికివ్వకముందే జీతమెంతని అడుగుతాం. మా వాడికి అక్కడేమైనా ఉద్యోగం చూడమంటాం. పెళ్ళి కాని అమ్మాయిని ఇంకెప్పుడంటాం, పెళ్ళయిన అమ్మాయిని పిల్లలెప్పుడంటాం. తెలుగు తడబడే పిల్లాణ్ణి చూసి నవ్వుతాం. వాడు ఆ నవ్వు మర్చిపోడు, వచ్చే ఏడు నేను రానంటాడు. వాడిని తోటకి తీసుకెళ్ళండి, చెట్టెక్కించండి, గేదె దగ్గర నిలబెట్టండి. భాష దానంతటదే వస్తుంది. అప్పు అడగాల్సి వస్తే, అడగండి, చుట్టాలు కాక ఎవరిస్తారు? మొదటి రోజే మాత్రం వద్దు.

సెలవు పదిహేను రోజులే అంటారు. తెలుసు. అందులో షాపింగు, తిరుపతి, డెంటిస్టు పోగా ఏం మిగలదనీ తెలుసు. అయినా దారి ఉంది. వచ్చేటప్పుడే జగ్గయ్యపేటలోనో నందిగామలోనో కారు ఆపండి, గంట పడుతుంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గనక ఆ రోజు ఊళ్ళో ఉన్న చుట్టాల ఇళ్ళకి నడిచి వెళ్ళండి. ముక్కనుమ నాడు మైలవరం, తిరువూరు, నూజివీడు. 2022లో నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గానీ మనమిచ్చిన పిల్లలు అక్కడే ఉన్నారు. వెళ్ళే ముందు ఫోను చేయండి, అయితే వంటలు చేయవద్దని చెప్పండి. ఎలాగూ చేస్తారు. ఒక పూటకి రెండిళ్ళకి మించి పెట్టుకోకండి, లేకపోతే అది ఓట్ల ప్రచారంలా ఉంటుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ఎవరిని ఏమని పిలవాలో కారులోనే చెప్పండి. అంకుల్, ఆంటీ అంటే ఆ గడప దగ్గర ఎవరికీ అర్థం కాదని కాదు, మేనత్తకీ పిన్నికీ తేడా ఏమిటో వాడికి ఎన్నటికీ తెలియదని.

ఈ కాగితం వెనకవైపు ఏమీ అచ్చు వేయించలేదు. పేర్ల కోసం వదిలాం. పై వరసలో మీ నాయనమ్మ పుట్టింటి పేరు రాయండి. తెలియకపోతే ఇవాళే ఎవరికో ఒకరికి ఫోను చేయండి.

ఇట్లు,
రెడ్డిగూడెం గ్రామస్థుడొకడు