ఆయన పోయిన రోజు మనం అడగని మాట

ఈ పోస్టు కొంచెం పొడుగు. కోపం వచ్చినా కడదాకా చదివి, ఆ తర్వాత తిట్టండి.

ఏప్రిల్ 24 వస్తే చాలు, ఫోన్లో రెండు రకాల బొమ్మలు తిరుగుతాయి. ఒకటి పూలదండ వేసిన సత్యసాయిబాబా ఫోటో, కింద సాయిరాం. ఇంకొకటి ఆయన్ని ఎగతాళి చేసే బొమ్మ, కింద నవ్వే గుర్తులు. 2011 నుంచి ఈ రెండు గుంపులూ కొట్లాడుకుంటానే ఉండాయి. ఆ కొట్లాటలో మన మాట ఒకటి కిందపడిపోయింది. దాన్ని ఎత్తిపెట్టేదానికే ఇది రాస్తున్నా.

ఆ రోజు నాకు బాగా గుర్తు. ఆదివారం. పొద్దున చీనీ చెట్లకు పాదులు తీస్తా ఉన్నా. పక్క చేను అన్న గట్టు మీద నుంచి కేకేసినాడు, "స్వామి పోయినాడంటప్పా" అని. మార్చి 28 నుంచి పుట్టపర్తి ఆస్పత్రిలోనే ఉన్నాడు గదా, ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వింటామని అనుకుంటానే ఉన్నాం. అయినా చేతిలో పార ఆగిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే మా అమ్మ టీవీ ముందు కూర్చుని ఏడుస్తాంది. మా ఇంటామె కనపడలేదు. కొళాయి కాడ ఉంది. ఆమె ఒక్కతే కాదు, వీధిలో ఆడోళ్ళంతా అక్కడే. బిందెలు, బకెట్లు, గంగాళాలు, ఆఖరికి పెళ్ళిళ్ళకు దించే డేగిసాలు కూడా వరసగా పెట్టినారు. ఏమిదని అడిగితే, "స్వామి పోయినాడు గదా, రేపటి నుంచి నీళ్ళు వస్తాయో రావో" అనింది.

దేశంలో ఏడ్చేవాళ్ళు ఏడుస్తాండారు, నవ్వేవాళ్ళు నవ్వుతాండారు. మా ఆడోళ్ళు బిందెలు నింపుకుంటాండారు. ఆ రోజు నేను చూసిన వాటిల్లో అన్నిటికంటే నిజమైంది అదే. అన్నిటికంటే సిగ్గుపడాల్సింది కూడా అదే. సిగ్గు మా ఆడోళ్ళది కాదు. ఎవరిదో చెప్తా.

ముందు నవ్వేవాళ్ళ సంగతి. మా ఊళ్ళో చదువుకున్న పిల్లోడు ఒకడు ఆ రోజు రచ్చబండ కాడ అన్నాడు, "దేవుడైతే వెంటిలేటరు ఎందుకు? 96 ఏళ్ళు బతుకుతానని 84కే ఎందుకు పోయినాడు?" అని. అడగొచ్చు. గాల్లో నుంచి విభూతి, ఉంగరాలు తీసేది నిజమో కాదో తేల్చుదాం రమ్మని బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య 1976లోనే కమిటీ వేసి పిలిచినాడు. ఆయన బతికుండగా, ఎదురుగా నిలబడి అడిగినాడు. దానికి ధైర్యం కావాల. శవం పక్కన కూర్చుని ఏడ్చే ముసలామెను చూసి నవ్వడానికి ఏం కావాల?

మా అమ్మ ఎందుకు ఏడ్చిందో ఆ పిల్లోడికి తెలీదు. మన అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ పడితే. బోర్లలో వచ్చేది ఫ్లోరైడు నీళ్ళు. మా అమ్మకు పళ్ళు గారపట్టిపోయినాయి, నలభై దాటేసరికి మోకాళ్ళు వంగలేదు. ఆ మోకాళ్ళతోనే మైలు దూరం పోయి బిందె మోసింది. 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు డబ్బు పెట్టి జిల్లాలో ఏడొందల పైచిలుకు ఊళ్ళకు పైపులు వేయించింది. మా వీధిలో కొళాయి తిప్పిన రోజు మా అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. ఆమె ఏడ్చింది గాల్లో నుంచి తీసిన ఉంగరం కోసం కాదు. నెత్తి మీద నుంచి దిగిన బిందె కోసం. ఆ ఏడుపును మూఢనమ్మకం అనేవాడు ఒక్క ఎండాకాలం ఆ బిందె మోసి చూడల్ల.

ఇప్పుడు రెండో గుంపు. వీళ్ళది ఒకటే మాట. "ఆయన నీళ్ళు తాగి ఆయన్నే అడుగుతావా?" ఈ మాట నన్నూ అన్నారు. నా జవాబు, అవును, అడుగుతా. మేలు చేసినోడికి దండం పెడతా, అంతేగాని నోటికి తాళం వేసి తాళంచెవి చేతికియ్యను.

1993 జూన్‌లో మందిరంలోనే ఆరు ప్రాణాలు పోయినాయి. అందులో నలుగురు పోలీసు కాల్పుల్లో పోయినారు. దాని గురించి మాట్లాడితే పాపమన్నారు. ఆయన మీద లైంగిక ఆరోపణలు వచ్చినాయి, 2004లో బీబీసీ డాక్యుమెంటరీ తీసింది. ఆయన వైపు వాళ్ళు అవి అబద్ధమన్నారు. ఏ కోర్టూ ఆయన్ని దోషి అనలేదు, అది కూడా చెప్పాల్సిందే. కానీ మా కష్టం వినేవాళ్ళు లేరని ఎవరైనా అంటే, మన ఊళ్ళకు కొళాయిలు వచ్చినాయి కాబట్టి మీరు ఊరుకోండని మనం అనొచ్చా? మన దాహం తీరింది కాబట్టి ఇంకొకడి నోరు మూయాలనేది ఏ ధర్మం? ఆయన పోయినాక 2011 జూన్‌లో యజుర్ మందిరం తలుపులు తీస్తే 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి, 11 కోట్ల 56 లక్షల నగదు లెక్కకొచ్చింది. టీవీలు రాత్రీపగలూ అదే చూపించినాయి. భక్తులకు కోపం వచ్చింది. ఎందుకప్పా కోపం? అది పదిమంది ఇచ్చిన సొమ్ము, పదిమందికీ లెక్క చెప్పాల. లెక్క అడిగితే నింద ఎట్లయితుంది? సహకార సంఘంలో యూరియా బస్తా లెక్క అడగమా మనం?

ఇప్పుడు అసలు సిగ్గు ఎవరిదో చెప్తా. మూడో గుంపు ఒకటుంది, దాన్ని ఎవరూ చూడలేదు. సాయి కుల్వంత్ హాల్లో ముందు వరసలో కూర్చున్న గుంపు. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ, అద్వానీ, అప్పుడు గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ, అన్ని పార్టీల పెద్దలూ వచ్చినారు. ఏప్రిల్ 27న ప్రభుత్వ లాంఛనాలతో సమాధి చేసినారు. రావడం తప్పు కాదు. చావుకు పోవడం మర్యాద. కానీ ఆ వరసలో ఒక్కరికైనా తల వంగిందా? భక్తితో వంగింది. సిగ్గుతో వంగలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956లో. మన ఊళ్ళకు ఈ పైపులు వచ్చింది 1990ల్లో. ఆ నలభై ఏళ్ళ లెక్క ఎవరు చెప్పాల? ఆ పార్టీ ఈ పార్టీ అని లేదు, అందరూ ఏలినారు. వాళ్ళు చెయ్యాల్సిన పని ఒక స్వామి చేస్తే, వాళ్ళు వచ్చి దండం పెట్టి పోయినారు. ఆ దండంతో వాళ్ళ బాకీ కొట్టేసుకున్నారు.

ఇంకో సంగతి. పైపులు వేయడం పూర్తయినాక ఆ పథకాన్ని ప్రభుత్వానికి అప్పజెప్పినారు. అంటే 2011లో మా ఇంటామె డేగిసాలు నింపుకున్న రోజుకి, ఆ కొళాయికి జవాబుదారీ స్వామి కాదు, ప్రభుత్వం. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అందుకే అంత భయం. హక్కుగా రావాల్సిన నీళ్ళు దయగా వచ్చినాయని నమ్మినాం. దయ అనుకుంటే ఇంతే. ఇచ్చినోడి ఊపిరితో పాటు మన ఊపిరీ ఆగుతుంది.

మరుసటి రోజు నీళ్ళు వచ్చినాయి. అందరం హమ్మయ్య అనుకుని మర్చిపోయినాం. ఆ తర్వాత జీతాలు రాక పథకం కార్మికులు సమ్మెకు దిగినారని పేపర్లో చదివినాం. 2022లో జిల్లాకే శ్రీ సత్యసాయి జిల్లా అని పేరు పెట్టినారు. పేరు పెట్టడం సులువు. పైపు పగిలితే మూడు రోజుల్లో బాగుచేయడం కష్టం.

కొందరు అడుగుతారు, పోయినోళ్ళ గురించి ఇవన్నీ ఇప్పుడెందుకని. నేను పోయినాయన్ని అడగడం లేదు. ఉన్నోళ్ళను అడుగుతున్నా. మనల్ని కూడా. రేపు ఇంకో స్వామి పోతాడు. మళ్ళీ ఒకరు దండ వేస్తారు, ఒకరు ఎగతాళి చేస్తారు. మనం ఆ రెండు గుంపుల్లో ఏదో ఒకదానికి చప్పట్లు కొట్టి ఇంటికి పోదామా?

భక్తి ఉన్నోళ్ళు ఫోటోకు దండ వేసుకోండి, నమ్మనోళ్ళు వేయొద్దండి. కానీ వచ్చే గ్రామసభకు ఇద్దరూ కలిసి రండి. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇయ్యండి. మన కొళాయి నీళ్ళను ఆఖరుసారి ఎప్పుడు పరీక్ష చేసినారు, అందులో ఫ్లోరైడు ఎంత? ఈ లైను చూసే కార్మికులకు జీతం ఏ నెల దాకా ఇచ్చినారు? పైపు పగిలితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, ఎవరు చేస్తారు? కాగితం అందినట్టు సంతకం తీసుకోండి.

మా అమ్మ ఇప్పుడు లేదు. మా ఇంట్లో స్వామి ఫోటో ఆమె పెట్టిన చోటనే ఉంది, నేను తియ్యలేదు. మా ఇంటామె మాత్రం ఈరోజుకీ కొళాయి వదిలిన పూట ఉన్న బిందెలన్నీ నింపుతుంది. ఎందుకు అన్నీ అంటే, "రేపు వస్తాయో రావో" అంటుంది.

మీ ఊళ్ళో నీళ్ళ సంగతి ఎట్లుందో రాయండి.