కొబ్బరి తర్వాతే గులాబీనా?

మా అత్తవారి ఊరు ఉద్దానంలో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జీడితోట మొత్తం పడిపోయింది. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. అలాంటప్పుడు పెరట్లో పోయిన పదకొండు గులాబీల గురించి ఎవరు మాట్లాడతారు? వాటిని పెంచిన మా అత్తగారే మాట్లాడలేదు. నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్లు కొబ్బరి, జీడి, ఇంటి రేకులు రాసుకున్నారు. గులాబీలు కూడా రాయాలని నేనూ అననులెండి.

నిజానికి గాలికి పోయినవి సగమే. మిగతావి తెగులుకి పోయాయి. ఆకులు రోజంతా తడిగా ఉండి నల్లమచ్చ పట్టింది, పసుపెక్కి రాలిపోయాయి. విరిగిన కొమ్మల్ని పచ్చిభాగం దాకా కత్తిరించి బోర్డో పేస్టు పూసుంటే కొన్నయినా బతికేవేమో. కత్తెర పట్టే ఓపిక అప్పుడెవరికుంది! కొమ్మ చివర మొదలైన ఎండు దిగుతూ దిగుతూ మొదట్లోకి వచ్చేసింది.

ఒక్క ఎర్ర గులాబీ మాత్రం మొదట్లోంచి చిగురేసింది. కడియం అంటుమొక్క అది. సంక్రాంతి దాకా పేడనీళ్లు పోసి సాకాను. ఏపుగా పెరిగింది గానీ ఒక్క మొగ్గ లేదు. చూస్తే చిగురు అంటు కిందనుంచి వచ్చింది. మా ఎర్ర గులాబీ ఎప్పుడో చచ్చిపోయింది, నేను పెంచింది దాని కిందున్న అడవి గులాబీని. పీకేసినరోజు ఏడుపొచ్చింది. కొబ్బరితోట చూసి రాని ఏడుపు. సిగ్గేసింది కూడా.

"ముందు కొబ్బరి, పూలు తర్వాత చూద్దాం" అన్నారు మావారు. ఇంటిల్లిపాదీ అదే మాట. నేనైతే ఒప్పుకోను. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. మొలకలు పాతుతుంటే డెబ్బై దాటిన మా అత్తగారు గట్టు మీద కూర్చుని, "ఇవి కాసిన్నాటికి నానుంటానేటి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. తోట పిల్లల కోసం వేస్తాం, సరే. ఆవిడ పొద్దున్నే లేచి చూసుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా? తుపాను నష్టంలో అది లెక్కకు రాదా?

ఆ వారంలోనే పక్కింటికి వెళ్లి నాటు గులాబీ కొమ్మలు అడిగాను. ఎప్పుడో మా అత్తగారిచ్చిన కొమ్మే అక్కడ పొదయింది. దాని వేరు దానిదే కాబట్టి తుపానుకి విరిగినా మళ్లీ ఆ గులాబీయే లేచింది. పెన్సిలు లావు కొమ్మలు ఆరు తెచ్చాను. పాత గుంటల్లో పెట్టలేదు. గులాబీ పోయిన మట్టిలో మళ్లీ గులాబీ సరిగా ఎదగదు. వేరే చోట గుంటలు తీసి చెరువుమట్టి, పశువుల ఎరువు కలిపాను. నీళ్లు పొద్దున్నే, మొదట్లోనే, ఆకు తడవకుండా. నాలుగు బతికాయి.

వానలు మొదలయ్యేసరికి మొదటి పువ్వు పూసింది. దేవుడికి పెడతారనుకున్నాను. మా అత్తగారు అటూ ఇటూ చూసి ముడిలో తురుముకుని, బిందె పట్టుకుని కొబ్బరి మొలకల వైపు వెళ్లారు.