‘ఒరిజినలేనా?’ అన్న ప్రశ్నే నకిలీది

పాత వాచీల మోజు ఈమధ్య నా ఈడువాళ్ళకి బాగానే పట్టింది. హైదరాబాదులో, బెంగళూరులో మాలాంటి సాఫ్ట్‌వేర్ జనం స్మార్ట్‌వాచీలు తీసి డ్రాయర్‌లో పడేసి, తాతల నాటివి వెతికి మరీ కట్టుకుంటున్నారు. మంచిదే. పేచీ ఎక్కడంటే, వాచీ చేతికి రాగానే అడిగే మొదటి ప్రశ్నలో: “ఒరిజినలేనా?”

ఈ ప్రశ్నకి అవును, కాదు అని రెండే జవాబులుంటాయన్న నమ్మకం మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. ఆ నమ్మకం తప్పంటాను. అసలు, నకిలీ అనేవి వాచీలో ఉండే గుణాలు కావు. వాచీ గురించి అమ్మేవాడు చెప్పే మాటలో ఉంటాయి. పరీక్ష పెట్టాల్సింది ఆ మాటకి.

క్రోనోగ్రాఫ్‌నే తీసుకుందాం. అంటే స్టాప్‌వాచీ కూడా కలిసున్న చేతివాచీ. పక్కన రెండు బొత్తాలు, డయల్‌లో చిన్న డయళ్ళు, లోపల మామూలు వాచీ కంటే ఎన్నో ఎక్కువ చక్రాలు, మీటలు. చెడిపోయేవి ఎక్కువ కాబట్టి మార్చేవీ ఎక్కువ. యాభై ఏళ్ళు తిరిగిన క్రోనోగ్రాఫ్‌లో అన్నీ పుట్టినప్పటి భాగాలే ఉన్నాయంటే, ఒకటి అది బీరువా దాటలేదన్నమాట, లేదా చెప్పేవాడు ఏదో దాస్తున్నాడన్నమాట.

2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి పలికింది. ముందు వేసిన అంచనా 80 వేల నుంచి 1,20,000 ఫ్రాంకులే. కొన్నది ఎవరో కాదు, ఒమేగానే, తన మ్యూజియం కోసం. 2023లో అదే ఒమేగా, ఆ వాచీ వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన భాగాలతో కూర్చిందని, ఇందులో తమ మాజీ ఉద్యోగులు ముగ్గురి ప్రమేయం ఉందని చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ భాగాల్లో చాలావరకు అసలైన ఒమేగావే. విడివిడిగా చూస్తే దాదాపు అన్నీ నిజమే, కలిపి చెప్పిన కథ అబద్ధం. ‘భాగాలు ఒరిజినలేనా’ అని అడిగితే ఇది మంచి మార్కులతోనే పాసవుతుంది.

మరి పరీక్షలు దండగా అంటే, కాదు. మన దగ్గర తరచుగా కనిపించే సీకో 6139 చూడండి. 1969లో వచ్చింది, ప్రపంచంలో మొట్టమొదటి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లలో ఒకటి. విలియం పోగ్ అనే వ్యోమగామి 1973లో స్కైలాబ్‌కి కట్టుకెళ్ళింది కూడా ఇదే రకం. దీని వెనక మూత మీద ఆరంకెల నంబరు ఉంటుంది. మొదటి అంకె తయారైన సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. డయల్ అడుగున సన్నటి అక్షరాల్లో దాని సొంత కోడ్ ఉంటుంది. తొలినాళ్ళ డయళ్ళ మీద నీటి సంగతి చెప్పేచోట ‘ప్రూఫ్’ అని రాసేవారు, తర్వాత ‘రెసిస్ట్’ అని మార్చారు. కాబట్టి మూత 1975 అంటూ డయల్ ‘ప్రూఫ్’ అంటుంటే, ఆ రెండూ ఒకేచోట పుట్టలేదని అర్థం. భూతద్దం పెడితే చేత్తో రాసిన అక్షరాల అంచులు అలుక్కుపోయి కనిపిస్తాయి. ఇవన్నీ నేర్చుకోవాల్సిందే. అయితే ఇవి చెప్పేది ‘ఏది ఎప్పుడు మారింది’ అన్నదొక్కటే. ‘ఇది మోసం’ అని ఇవి చెప్పవు.

మా పెదనాన్న వాచీ ఈ 6139నే. విశాఖ పోర్టులో పనిచేసేటప్పుడు ఓడ దిగిన ఒకాయన దగ్గర కొన్నారు. నంబరు 43తో మొదలవుతుంది, అంటే 1974 మార్చి. తర్వాత ఎప్పుడో వానలో నీళ్ళు దిగి డయల్ పాడైంది. అవి విదేశీ వాచీల దిగుమతి మీద ఆంక్షలున్న రోజులు. హెచ్‌ఎంటీ 1961 నుంచి సిటిజెన్ సాయంతో వాచీలు చేస్తోంది గానీ, దాని డయల్ సీకోకి ఎక్కదు. చోడవరంలో ఒక చిన్న రిపేరు షాపు ఉండేది. గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలే చుట్టుపక్కల ఊళ్ళకి అదే దిక్కు. ఆ షాపాయన డయల్‌ని బొంబాయి పంపి రంగు వేయించి, అక్షరాలు రాయించి బిగించారు. ఆ వాచీ పెదనాన్న రిటైరయ్యే దాకా డ్యూటీ చేసింది.

మొన్నీమధ్య ఒక కలెక్టర్ దాన్ని చూసి ఒక్కమాటలో తేల్చేశాడు: “ఫ్రాంకెన్ అండి. భాగాల కింద అయితే తీసుకుంటా.” ఊరికే ఉండక సలహా కూడా ఇచ్చాడు. ఇంకో చచ్చిన 6139 నుంచి అదే కాలం డయల్ తెచ్చి వేయిస్తే ‘కరెక్ట్’ అయిపోతుందట, రేటు కూడా పెరుగుతుందట.

ఆ సలహాని కాస్త నెమ్మదిగా చదవండి. నలభై ఏళ్ళుగా ఈ వాచీలోనే ఉన్న డయల్ నకిలీ. నిన్న వేరే వాచీ నుంచి పీకి పెట్టింది ఒరిజినల్. జెనీవాలో జరిగిందానికీ దీనికీ తేడా సున్నాల్లోనే. ‘ఒరిజినల్ కావాలి’ అన్న గిరాకీ నకిలీని అరికట్టడం లేదు, తయారు చేయిస్తోంది.

ఇంకో పక్క మరో గుంపు ఉంది. వాళ్ళకి అంతా ముద్దే. మెరిసే రంగులు వేసి ఆన్‌లైన్‌లో అమ్మే ‘బొంబాయి స్పెషల్’ వాచీలు కూడా మన జుగాడ్ కళే కదా, ఎందుకు నోరు పారేసుకుంటారు అంటారు. వీళ్ళతోనూ నాకు పొసగదు. రంగు వేయడం తప్పు కాదు. రంగేసిన డయల్ పక్కన ‘1970ల ఒరిజినల్ కండిషన్’ అని రాయడం తప్పు. తొలి జీతంతో కొన్న కుర్రాడి డబ్బు పోయాక, అది కళ అని ఓదార్చడం ఇంకా పెద్ద తప్పు. మా షాపాయన డయల్ మార్చి, మార్చానని చెప్పి డబ్బు తీసుకున్నారు. వీళ్ళు మార్చి, మార్చలేదని చెప్పి తీసుకుంటున్నారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం ఆయనకి అవమానం.

అలాగైతే ముట్టుకోని వాచీకీ రిపేరైన వాచీకీ ఒకటే ధరా అని అడుగుతారు. కాదు. ముట్టుకోనిది అరుదు, అరుదైనదానికి ఎక్కువ పెట్టండి, ఎవరొద్దన్నారు? అరుదుతనం వేరు, నిజాయితీ వేరు. రెంటికీ కలిపి ‘ఒరిజినల్’ అనే ఒకే ట్యాగు తగిలించొద్దనే నా గొడవ.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పోతన భాగవతంలో పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, ఏకాదశ ద్వాదశాలు నారయవి. ఎవరైనా భాగవతాన్ని ఫ్రాంకెన్ అన్నారా? అనలేదు, ఎందుకంటే ఆ స్కంధాల చివరి గద్యల్లో రాసినవాళ్ళ పేర్లు ఉన్నాయి. పోతన రాసినవి పోతనవే, పూరించినవి పూరించినవాళ్ళవే. మేం చేసే పనిలోనూ అంతే. పదేళ్ళ కోడ్‌లో మొదటి రోజు రాసిన లైను ఒక్కటీ మిగలకపోవచ్చు. ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రికార్డు ఉందా అన్నదే మా ప్రశ్న.

వాచీలకీ ఆ రికార్డు ఉంది. పాతకాలం రిపేరువాళ్ళు పనయ్యాక వెనక మూత లోపలివైపు సన్నటి సూదితో తేదీ, ఒక గుర్తు గీకేవారు. పెదనాన్న వాచీ మూత తెరిస్తే ‘3-11-86’ అని, కింద ‘చో’ అని ఉంది. దానికి స్కంధాంత గద్య అదే. బేరానికి వచ్చిన ఆ కలెక్టర్ మూత తెరిచి చూడనైనా లేదు.

కాబట్టి అమ్మేవాళ్ళకి నాదొకటే డిమాండు. ‘ఒరిజినల్’ అన్న మాట తీసేయండి. దాని బదులు డయల్, ముళ్ళు, అద్దం, బొత్తాలు, మిషన్, మూత అని వరసగా రాసి, ఏది మారింది, ఏది మారలేదు, ఏది మీకు తెలీదు అని పక్కన పెట్టండి. ‘తెలీదు’ అని రాయడానికి సిగ్గుపడొద్దు. కొనేవాళ్ళు ఆ పట్టిక లేకుండా రూపాయి తియ్యొద్దు. ఇక ఇంట్లో పాత వాచీ ఉన్నవాళ్ళు, సర్వీసుకి ఇచ్చినప్పుడు దగ్గరుండి మూత తీయించి, లోపలి గీతలు ఫొటో తీసుకోండి. “లోపల కూడా పాలిష్ కొట్టేస్తాను, తళతళలాడుతుంది” అంటే మాత్రం ఒప్పుకోకండి.