నేల టికెట్టోళ్ల వారం (19వ భాగం)



పోయిన భాగంలో హాస్టల్ మెస్ కథ సగంలో ఆపాను. దాన్ని వచ్చే వారం పూర్తి చేస్తాను. ఈ వారం సినిమా గురించి రాయక తప్పదు. నగరంలో ఒక చిన్న స్వతంత్ర హాల్లో, 60 కుర్చీల హాల్లో, సోమవారం నుంచి ఆదివారం దాకా రోజుకొకటి చొప్పున ఏడు సినిమాలు చూశాను. అందులో ఒక్కటి కూడా మన మల్టీప్లెక్సుల్లో దొరికేది కాదు. చూసి ఇంటికొచ్చాక మూడు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. అది సినిమాల వల్లా, సినిమా అయ్యాక జరిగిన మాటల వల్లా అన్నది మీరే చెప్పండి.

ముందు మా నాయన గురించి ఒక మాట. మా ఊరి పక్కన టూరింగ్ టాకీస్ ఉండేది. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా పోస్టరు కట్టిన ఎడ్లబండి ఊరంతా తిరిగేది. బండికి ముందు మా నాయన డప్పు కొట్టుకుంటా నడిచేవాడు. దానికి కూలి ఒక నేల టికెట్. వెనక కుర్చీలు, మధ్యలో బెంచీలు, తెర ముందు ఇసక నేల. ఆ నేల మీద మెడ పైకెత్తి ఎన్టీవోణ్ణి చూసినోళ్లం మేము. మెడ నొప్పి పుట్టేది గానీ, తెరకి అందరికంటే దగ్గర మేమే అని మా నాయన నవ్వేవాడు. సినిమా వచ్చిందని ఊరందరికీ చెప్పినోడికి కుర్చీ లేదు. ఈ వారమంతా నాకు అదే గుర్తొచ్చింది.

హాలు నడిపేవాళ్లని తిట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లు చేసిన పని మంచిది. సోమవారం ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్' (1948). మంగళవారం 'కిల్లర్ ఆఫ్ షీప్'. చార్లెస్ బర్నెట్ అనే నల్లజాతి దర్శకుడు లాస్ ఏంజెలిస్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు, శని ఆదివారాల్లో తన పేటలోనే షూటింగ్ చేసి యూనివర్సిటీ థీసిస్‌గా ఇచ్చిన సినిమా అది. ఖర్చు పది వేల డాలర్ల లోపే. అందులో వాడిన పాటల హక్కులు కొనడానికి డబ్బుల్లేక 2007 దాకా థియేటర్లలో సరిగా విడుదలే కాలేదు. కథానాయకుడు స్టాన్ గొర్రెల కబేళాలో పని చేస్తాడు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. భార్య దగ్గరికొస్తే కూడా దూరంగానే ఉండిపోతాడు. నేను తెర మీద స్టాన్‌ని చూడలేదు. లంద దగ్గర పని చేసొచ్చి, ఎంత రుద్దుకున్నా వాసన పోక, ఇంట్లోకి రాకుండా అరుగు మీదే పడుకున్న మా తాతని చూశాను. పెద్ద థియేటర్లు ఎన్నటికీ ఇవ్వని చూపు ఇది. ఇందుకే ఇలాంటి హాళ్లు బతకాలి.

ఆ రోజు సినిమా అయ్యాక చర్చ అద్భుతంగా జరిగింది. జాతి వివక్ష గురించి, బానిసత్వం గురించి అందరూ అనర్గళంగా మాట్లాడారు. కళ్లు తుడుచుకున్నవాళ్లూ ఉన్నారు.

బుధవారం 'ఒక ఊరి కథ' (1977). ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్' కథని మృణాల్ సేన్ తెలంగాణ పల్లెకి తెచ్చి తెలుగులో తీసిన సినిమా. ఎంత పని చేసినా లాభం దొరకే తింటాడు కాబట్టి పని చేయడమే దండగ అని నమ్మే తండ్రీ కొడుకులు. ప్రసవంలో కోడలు చచ్చిపోతే కఫనుకి డబ్బులడుక్కునే దుస్థితి. మూల కథలో వాళ్లు చమార్లు. ఆ కథ దళితుల్ని సోమరులుగా, తాగుబోతులుగా చూపిందని దళిత రచయితలు ఎప్పటినుంచో వాదిస్తున్నారు. కాదు, అది దోపిడీ మీద వేసిన దెబ్బ అనేవాళ్లూ ఉన్నారు. వాదించుకోడానికి ఎంత చోటుందో చూడండి! కానీ ఆ సాయంత్రం చర్చలో 'మానవ స్వభావం' అన్నారు, 'పేదరికం' అన్నారు, 'అసంబద్ధత' అన్నారు. ముక్కాలు గంటలో కులం అన్న మాట ఒక్కసారి వినపడలేదు. నిన్న అమెరికా గురించి అంత తేటగా మాట్లాడిన నోళ్లే ఇవి.

గురువారం 'సుజాత' (1959). బ్రాహ్మణుల ఇంట పెరిగిన అంటరాని పిల్ల. పెంచిన తల్లికి రక్తమిచ్చి బతికించాక గానీ ఆ తల్లికి కూతురు కాలేదు. శుక్రవారం 'కోర్ట్' (2014). మ్యాన్‌హోల్లో చనిపోయిన కార్మికుడు తన పాట విని ఆత్మహత్య చేసుకున్నాడని ఒక దళిత గాయకుడి మీద కేసు. ఆ గాయకుడిగా నటించిన వీరా సాథిదార్ నాగపూర్‌లో నిజంగానే అంబేద్కరైట్ ఉద్యమకారుడు. 2021 ఏప్రిల్‌లో కొవిడ్ ఆయన్ని తీసుకుపోయింది. ఆ పేరైనా ఎవరూ తలవలేదు.

శనివారం 'ఫాండ్రీ' (2013). కరపత్రంలో ఆ ఒక్క రోజు కింద మాత్రం 'దళిత సినిమా ప్రత్యేకం' అని అచ్చేశారు.

మిత్రులారా, నా గొడవంతా ఆ ఒక్క ముక్క మీదే. వారంలో నాలుగు రోజులు తెర మీద కులం ఉంది. పేరు పెట్టింది ఒక్క రోజుకే. అగ్రకులపోళ్లు తీసినప్పుడు అది 'మానవ కథ'. వడార్ కులంలో పుట్టిన నాగరాజ్ మంజులే తీస్తే అది 'దళిత సినిమా'. మాకు శనివారం ఇచ్చామని వాళ్లు అనుకున్నారు. మిగతా ఆరు రోజులూ మాకు లేకుండా పోయాయని నేనంటున్నా.

'ఫాండ్రీ' చూసినోళ్లకి తెలుసు. పందిని పట్టబోతున్న సమయానికి బళ్లో జాతీయ గీతం మొదలవుతుంది. జబ్యా కుటుంబం కదలకుండా నిలబడిపోతుంది, పంది తప్పించుకుంటుంది. చివరికి చచ్చిన పందిని కర్రకి కట్టి మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేద్కర్ బొమ్మ. ఆఖర్న జబ్యా విసిరిన రాయి నేరుగా కెమెరా మీదికి, అంటే చూస్తున్న మన మీదికి వస్తుంది. దీపాలు వెలిగాక మొదటి మాట ఏంటో తెలుసా? 'ఆ లాంగ్ షాట్ ఎంత అందంగా ఉందో!' రాయి తగిలినవాడు రాయి నునుపు గురించి మాట్లాడుతున్నాడు.

వెనక వరసలో ఒక హాస్టల్ తమ్ముడు చెయ్యెత్తాడు. 'మా ఇంట్లో పందులు ఉండేవి సార్' అని మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు కాకముందే చర్చ నడిపే పెద్దమనిషి గడియారం చూసి, 'సమయం అయిపోయింది, క్లుప్తంగా' అన్నాడు. అంతకు ముందు ఒకాయన లాంగ్ షాట్ మీద పదిహేను నిమిషాలు మాట్లాడినప్పుడు ఆ గడియారం ఆడలేదు. తమ్ముడు కూర్చున్నాడు. నేను లేచి నా వంతు సమయం అతనికి ఇవ్వమన్నాను. ఇచ్చారు. కానీ అతను ఇక మాట్లాడలేదు. తెగిన మాట మళ్లీ అతుక్కోదు.

'ప్రతిదాంట్లో కులం వెతకడం ఎందుకు, కళని కళగా చూడలేరా?' అని బయట టీ తాగుతుంటే ఒకావిడ మర్యాదగానే అడిగారు. ఆమెకి చెప్పిందే ఇక్కడా చెప్తా. వెతకాల్సిన అవసరం మాకు లేదమ్మా, అదే మమ్మల్ని వెతుక్కుంటా వస్తుంది. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్'. అందులో నాయర్ స్త్రీగా నటించిన పి.కె. రోజీ దళిత మహిళ. ఆ ఒక్క కారణానికి ఆమె మీద దాడులు చేసి ఊరు విడిచి పారిపోయేట్టు చేశారు. ఆ సినిమా ప్రింటు కూడా ఇప్పుడు లేదు. అదే కాలానికి కొంచెం అటూ ఇటూగా 'అఛూత్ కన్య' (1936)లో దేవికారాణి అంటరాని పిల్లగా నటిస్తే దేశం జేజేలు కొట్టింది. వాళ్లు మా వేషం వేస్తే కళ, మేము వాళ్ల వేషం వేస్తే నేరం. తెర మీద కులం మొదలుపెట్టింది మేము కాదు.

మన వైపు నుంచి ఇంకో మాట వస్తుంది: 'వాళ్ల హాళ్లకి మనం పోవడం దేనికి? మన తెర మనం కట్టుకుందాం.' కట్టుకుందాం. చెన్నైలో పా. రంజిత్ నీలం సంస్థ ఆ రోజీ పేరుతోనే ఫిల్మ్ ఫెస్టివల్ నడుపుతోంది. పాకీపని మీద దివ్యభారతి తీసిన 'కక్కూస్' (2017) ప్రదర్శనల్ని తమిళనాడు పోలీసులు అడ్డుకుంటే అది యూట్యూబ్‌లోకి వచ్చి ఇళ్లకే చేరింది. కానీ మన తెర కట్టుకోవడమంటే 'కిల్లర్ ఆఫ్ షీప్'ని వదులుకోవడం కాకూడదు. ప్రపంచం కూడా మనదే. మంగళవారాన్ని వదులుకుంటే మా తాత ఎందుకు అరుగు మీద పడుకున్నాడో నాకు ఇంకా అర్థమయ్యేది కాదు. పైగా బ్రిటన్ తన తరఫున ఆస్కార్‌కి పంపిన 'సంతోష్' మన సెన్సార్ దగ్గర ఆగిపోయి 2025లో థియేటర్లకి రాలేదు. ఇలాంటి కాలంలో ఉన్న ప్రతి చిన్న హాలూ మనకి కావాలి.

కాబట్టి ఆ హాలు వాళ్లకి ఒక ఉత్తరం రాశాను. నాలుగే అడిగాను. సినిమాలు ఎంపిక చేసే బల్ల చుట్టూ మనవాళ్లు కూర్చోవాలి, ఏడు రోజులకీ. సినిమా ఎవరి బతుకు గురించో, చర్చలో మొదటి మాట వాళ్లది కావాలి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవలేనివాళ్ల కోసం తెలుగు సబ్‌టైటిల్స్ ఉండాలి. శనివారం నా పక్కనే ఒకమ్మాయి వాళ్లమ్మకి చెవిలో ప్రతి డైలాగూ తెలుగులో చెప్తా కూర్చుంది. ఆమె సగం సినిమానే చూసుంటుంది. నాలుగోది, హాస్టల్ పిల్లలకి పది టికెట్లు ఉచితంగా ఇవ్వాలి. నేల టికెట్లు కాదు, కుర్చీలు.

జవాబు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే పెడతా, మంచిదైనా చెడ్డదైనా.

ఆదివారం చాప్లిన్ 'ది కిడ్' (1921). పిల్లలతో హాలు నిండిపోయింది. అద్దాలు పగలగొట్టే పిల్లోడు, అతికించే చాప్లిన్. భాష అక్కర్లేదు, సబ్‌టైటిల్స్ గొడవ లేదు. బయట ఊడుస్తున్న అక్క కూడా చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది. లోపల ఒక కుర్చీ ఖాళీగా ఉంది. రా అక్కా కూర్చో అన్నాను. 'వద్దులే, ఇక్కడ్నుంచే కనపడతంది' అంది.

విద్యార్థి మిత్రులారా, మీ హాస్టళ్లలో ఒక ప్రొజెక్టరు, ఒక తెల్ల దుప్పటి ఉంటే చాలు. తీసినవాళ్ల అనుమతి తీసుకుని మొదలుపెట్టండి. మొదటి రోజు మెస్‌లో వండేవాళ్లని, ఊడ్చేవాళ్లని పిలిచి ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టండి. సినిమా అయ్యాక గడియారం తిప్పి పెట్టండి.

వచ్చే వారం మెస్ కథ.

జై భీమ్.