పందుంపుల్లకు బాటరీ

పళ్ళు తోముకోవడాన్ని సంస్కృతంలో దంతధావనం అన్నారు. ధావనమంటే కడగడమూ అవును, పరుగెత్తడమూ అవును. ఇన్నాళ్ళూ మొదటి అర్థంతోనే మనకు పని జరిగిపోయింది. ఇప్పుడు బజారులో బాటరీ బ్రష్షును చూస్తూవుంటే ఆ రెండో అర్థం కూడా వృథాగా పోలేదనిపిస్తున్నది. మీట నొక్కితే చాలు, తల గిర్రున తిరుగుతుంది, కుచ్చు పరుగులు తీస్తుంది, మనం నిమిత్తమాత్రంగా నిలబడితే పళ్ళు తళతళలాడతాయి. ఇది దుకాణదారు చెప్పే మాట. అందులో నిజమెంత, ఖర్చెంత, అసలు అది ఎవరికి కావాలి అన్నదే ఈ వారం మన ముచ్చట.

మన పెద్దలకు ఈ బాధ లేదు. వేపచెట్టుకింద నిలబడి ఒక పుల్ల విరిచేవారు. కొస నమిలితే కుంచె, చీలిస్తే నాలుకబద్ద. పని కాగానే పారేస్తే రేపటికి మళ్ళీ కొత్తది. పలుతోము పుల్ల జనం నోట్లో నలిగి నలిగి పందుంపుల్ల అయింది. నోట్లో నలగడమే దాని వృత్తి కనుక ఆ మాటకు అది తగిన గతే! పుల్ల దొరకనివారికి కచ్చిక, ఉప్పు, బొగ్గుపొడి వుండేవి. ఆ పొడులను మాత్రం నేను వెనకేసుకు రాను. గరుకు పొడితో రోజూ రాపాడితే పంటిమీది పింగాణీపొర అరిగిపోతుంది. ఒకసారి అరిగినది మళ్ళీ పెరగదు.

నైలాను కుచ్చు బ్రష్షు 1938లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. కరెంటు బ్రష్షు కూడా నిన్న మొన్నటిదేమీ కాదు. 1954లో స్విట్జర్లాండులో ఫిలిప్ గై వూగ్ అనే ఆయన ‘బ్రాక్సోడెంట్’ అనే పేరుతో దానిని తయారుచేశాడు. దానికి తోక వుండేది. ఆ తోకను గోడకున్న ప్లగ్గులో పెట్టి, తడిచేతులతో నోట్లో పెట్టుకోవాలి. తలచుకుంటేనే పళ్ళు జివ్వుమంటాయి. 1961లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు తోక కత్తిరించి, ఛార్జి చేసుకునే బ్రష్షును తెచ్చారు. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటున్నది. వూగ్ మహాశయుడు మొదట ఆ యంత్రాన్ని ఉద్దేశించింది సోమరులకోసం కాదు. చేతులు స్వాధీనంలో లేనివారికోసం, పళ్ళకు తీగలు కట్టించుకున్నవారికోసం.

ముందు అందరూ అడిగే ప్రశ్న. మామూలు బ్రష్షుకంటె ఇది మెరుగా? 2014లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థవారు 56 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కలు కట్టారు. మూడు నెలలు దాటిన తరువాత చూస్తే, మామూలు బ్రష్షువారికంటె యంత్రపు బ్రష్షువారికి పాచి 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం తక్కువగా కనిపించాయి. అంటే మెరుగే. కాని ఆకాశానికీ భూమికీ వున్నంత తేడా కాదు. చేయి బాగున్నవాడు మెత్తని కుచ్చు బ్రష్షుతో, ఓపికగా, రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు తోముకుంటే యంత్రం లేకపోయినా లోటేమీ లేదు. చిక్కల్లా ఆ రెండు నిమిషాలతోనే. ఈసారి గడియారం ఎదురుగా పెట్టుకుని తోమిచూడండి. మనం రెండు నిమిషాలనుకునేది సాధారణంగా ఒక నిమిషం కూడా వుండదు.

సరే, కొనదలచుకున్నారు. దుకాణంలో రెండు జాతులు కనిపిస్తాయి. ఒకటి, గోడగడియారంలో వేసే సెల్లువంటిది వేస్తే నడిచేది. రెండోది, ఛార్జి చేసుకునేది. మొదటిదాని ఖరీదు వందల్లో వుంటుంది. రెండోది తరచుగా వేలల్లోకి పోతుంది. కోల్గేటు, ఓరల్‌-బి వంటి పేరున్న కంపెనీలే సెల్లు బ్రష్షులు కూడా అమ్ముతున్నాయి కనుక చవకది కదా అని చిన్నచూపు చూడనక్కరలేదు.

అయితే చవకవాటిలోనూ తేడాలున్నాయి. కొన్నిటికి గుండ్రని చిన్నతల వుండి, అటు సగం, ఇటు సగం తిరుగుతూ వుంటుంది. కొన్నిటికి తల మామూలు బ్రష్షులాగే పొడుగ్గా వుండి, లోపలి మోటారువల్ల వణుకుతుంది. ఇందాక చెప్పిన పరిశోధనల్లో ఎక్కువ సాక్ష్యం వున్నది తిరుగుడుతలకే. ఇక ‘సోనిక్’ అనే మాట పెట్టెమీద పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. శబ్దంతో పళ్ళు కడుగుతుందని భ్రమపడవద్దు. ఆ వణుకు వేగం మన చెవికి వినబడే ధ్వనుల మేరలో వున్నది కనుక ఆ పేరు పెట్టారు. మంచి సోనిక్ బ్రష్షు నిమిషానికి ముప్ఫైవేల పైచిలుకు కదలికలు కదులుతుంది. ఒక్క చిన్న సెల్లు వేసిన ప్రతి బ్రష్షూ అంత పని చేస్తుందనుకోవడం, ఎక్కాబండి గుర్రంచేత రైలుపెట్టెలు లాగించాలనుకోవడమే. పెట్టెమీద అంకె వేశారా లేదా చూడండి. అంకె లేకుండా ‘సోనిక్’ అని మాత్రమే వుంటే ఆ మాటకు పైసా విలువ ఇవ్వకండి.

మా కాలేజీలో ఒక ఉపన్యాసకమిత్రుడు అయిదు రకాలుగా నడిచే బ్రష్షు కొన్నాడు. ఒకటి తెల్లదనానికట, ఒకటి చిగుళ్ళ మర్దనకట, ఇంకొకటి సుకుమారానికట. ఆరునెలల తరువాత అడిగితే, మొదటిది తప్ప తక్కిన నాలుగూ ఎలా వస్తాయో మరిచిపోయానన్నాడు. ఆ నాలుగింటికీ సొమ్ము ఇచ్చినవాడు మాత్రం అతనే. మనకు కావలసిన సదుపాయం ఒక్కటే: రెండు నిమిషాలు కాగానే ఆగేదో, సైగ చేసేదో అయివుండాలి. ముప్ఫై సెకండ్లకొకసారి చిన్న కుదుపు ఇచ్చేదయితే మరీ మంచిది. పైన కుడి, పైన ఎడమ, కింద కుడి, కింద ఎడమ, ఇలా నోటిని నాలుగు వాటాలు చేసి సమంగా పంచుకోవచ్చు. అది లేకపోతే ఇంట్లో గడియారమున్నది, దానికి వేరే ఖరీదు లేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. బ్రష్షు కొనేటప్పుడు పిడి ఖరీదు చూసి మురిసిపోతాం. డబ్బు తినేది పిడి కాదు, తల. కుచ్చు మూడు నాలుగు నెలలకు అరుగుతుంది, మార్చాలి. లెక్కకోసం సెల్లు బ్రష్షు 400 రూపాయలు, తల ఒక్కొక్కటి 150, ఏడాదికి సెల్లులు 200 అనుకుందాం. మొదటి తల బ్రష్షుతోనే వస్తుంది కనుక మొదటి ఏడు మూడు తలలు, రెండో ఏడు నాలుగు. రెండేళ్ళకు మొత్తం 1,850 రూపాయలు. ఛార్జి బ్రష్షు 1,500, దాని తల 300 అనుకుంటే రెండేళ్ళకు 3,600. మెత్తని మామూలు బ్రష్షు నలభై రూపాయలదయితే రెండేళ్ళకు ఎనిమిది కొన్నా 320. ఈ అంకెలు తీసేసి మీ వూరి ధరలు వేసుకుని చూడండి. ఎలా వేసినా తలల పద్దే పెద్దదిగా తేలుతుంది.

కనుక దుకాణదారును మొదట అడగవలసింది బ్రష్షు ధర కాదు, “దీనికి విడితల దొరుకుతుందా, నీ దగ్గర వున్నదా, ఎంత?” అని. కొన్ని చవక బ్రష్షులకు తల ఊడిరాదు. కుచ్చు అరిగితే మోటారుతో సహా పారెయ్యాలి. కొన్నిటికి సెల్లు కూడా లోపలే మూసేసి వుంటుంది. అటువంటివి తీసుకోవద్దని నా సలహా. విడితల దొరికే బ్రష్షు అయితే పిడి ఒకటే వుంచుకుని భార్యాభర్తలిద్దరూ చెరొక తలా వాడుకోవచ్చు. ఖర్చు కొంత కలిసివస్తుంది. తలలు మారిపోకుండా ఒకదానికి దారం ముడి వేసుకుంటే సరి.

సెల్లు విషయంలో చిన్నమాట. మోటారు తిప్పడానికి ఆల్కలైన్ సెల్లు వెయ్యాలి. టి.వి. మీటల పెట్టెలో వేసే చవకరకం దీనికి ఆగదు. సెల్లు నీరసించినకొద్దీ బ్రష్షు వేగం తగ్గుతుంది. మనకు తెలియకుండానే మెల్లగా తగ్గుతుంది కనుక, చప్పుడు మందగించగానే మార్చాలి. ఛార్జి చేసుకునే విడిసెల్లులు వేద్దామా అంటే, మామూలు సెల్లు 1.5 వోల్టులయితే అవి 1.2 వోల్టులే. కొన్ని బ్రష్షులు సహిస్తాయి, కొన్ని సహించవు. కూడా వచ్చే కాగితం చదవండి. మూతదగ్గర రబ్బరు చుట్టు వున్నదో లేదో చూసుకోవాలి. అది లేకపోతే నీళ్ళు దిగి సెల్లు చిలుము పడుతుంది.

మొన్న ఒక సోదరి ఉత్తరం రాశారు. బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. భర్తకు రెండేళ్ళక్రితం పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. అప్పటినుంచి రోజూ ఆమే ఆయనకు పళ్ళు తోముతున్నారు. “తోమించుకుంటూ ఆయన కళ్ళు మూసుకుంటారండీ. నొప్పి అనుకున్నాను. కాదట, నన్ను చూడలేకట” అని రాశారు. పై వూళ్ళో వున్న కొడుకు నాలుగువేల రూపాయల బ్రష్షు పంపిస్తానంటున్నాడట. “మాది పింఛను బతుకు, వాడికీ పిల్లలున్నారు, అంతది కావాలా?” అని ఆమె ప్రశ్న.

అమ్మా, అంతది వెంటనే అక్కరలేదు. ముందు సెల్లు బ్రష్షు తెప్పించండి. ఎడమచేతికి ఈ యంత్రమే కావలసిన మేలు చేస్తుంది. మామూలు బ్రష్షుకు మణికట్టు ఆడాలి. దీన్ని పంటిమీద ఆనించి, ఒక్కొక్క పన్నుకే జరిపితే చాలు. సెల్లు వుండడంవల్ల పిడి ఎలాగూ లావుగా వుంటుంది. లావు పిడి బలహీనమైన చేతికి చిక్కుతుంది. అయితే కొనేముందు మూడు సంగతులు చేత్తో చూడండి. బరువు, పిడి జారుతున్నదా లేదా, మీట. మీట చాలా ముఖ్యం. కొన్నిటిలో గట్టిగా నొక్కితే తప్ప పనిచెయ్యదు. ఎడమ బొటనవేలితో ఆయన స్వయంగా నొక్కగలగాలి. మీట మీరు నొక్కవలసివస్తే బ్రష్షు కొని ప్రయోజనం సగమే. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి ఎదురుగా అద్దం పెట్టండి. బఠాణీ గింజంత పేస్టుకు మించనివ్వకండి. పడిపోయినవైపు బుగ్గలో అన్నం మెతుకులు నిలుస్తాయి, అది ఆయనకు తెలియదు. అక్కడ మాత్రం మీరొకసారి చూడండి. మింగడంలో ఇబ్బంది వుంటే పేస్టూ, నీళ్ళూ పొరమారే ప్రమాదమున్నది కనుక డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. ఒకటి రెండు నెలలు చూసి, ఆయనకు అలవాటయితే, అప్పుడు కొడుకును పంపమనండి. సెల్లులు మార్చే బెడద తప్పుతుంది. వణుకు ఆయనకు సరిపడకపోతే పోయింది కొన్ని వందలు. అప్పుడు సైకిలు హాండిలుకు తొడిగే రబ్బరు గ్రిప్పు ఒకటి తెచ్చి, మామూలు బ్రష్షు పిడికి గుడ్డ చుట్టి బిగించి తొడగండి. చేతికి నిండుగా వస్తుంది. మొదటి పది రోజులు సరిగా తోమలేరు. అయినా మీరు చెయ్యి చాపకండి.

ఇక తోమే పద్ధతి. బ్రష్షును నోట్లో పెట్టుకున్న తరువాతే మీట నొక్కాలి. లేకపోతే పేస్టు గోడలమీద ముగ్గు పెడుతుంది. కుచ్చును పన్నూ చిగురూ కలిసేచోట కొంచెం వాలుగా ఆనించాలి. రుద్దకూడదు. యంత్రమున్నది కదా అని అదిమిపట్టి రుద్దేవారికి చిగుళ్ళు కిందికి జారి, పంటివేళ్ళు బయటపడతాయి. ఎంత ఖరీదు బ్రష్షయినా కుచ్చు మెత్తనిదే వుండాలి. మొదటివారం కొంచెం నెత్తురు కనిపిస్తే వాచిన చిగురు ఫిర్యాదు అది, తోమడం మానవద్దు. రెండువారాలు దాటినా ఆగకపోతే దంతవైద్యుణ్ణి చూడాలి. మధుమేహమున్నవారు అంతవరకు కూడా ఆగకూడదు.

పళ్ళమీది మచ్చలు ఈ యంత్రంతో పోతాయా అని నల్లగొండవైపునుంచి, ఒంగోలువైపునుంచి అడిగేవారున్నారు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పడిన మచ్చలయితే పోవు. మనదేశంలో ఆ వ్యాధిని శాస్త్రజ్ఞులు మొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. చిన్నతనంలో పన్ను చిగురులోపల తయారవుతూ వున్నప్పుడే పడిన మచ్చ అది. బయటినుంచి ఎంత తోమినా దానికి అందదు. ఆ ఆశతో గట్టిగా రుద్ది వున్న పింగాణీని పోగొట్టుకోవద్దు. గట్టిపడిన గార కూడా ఏ బ్రష్షుకూ లొంగదు. దానిని వైద్యుడే గీకి తియ్యాలి.

ఊరికి వెళ్ళేటప్పుడు, పదిరోజులు వాడనప్పుడు సెల్లు తీసి విడిగా పెట్టండి. లోపలే వుంటే కారి మోటారును తినేస్తుంది. అయిపోయిన సెల్లులను పొయ్యిలోగాని, చెత్తమంటలోగాని వెయ్యకండి, పేలుతాయి. ఒక డబ్బాలో వేసి వుంచి, పాత కరెంటు సామాను తీసుకునేచోట ఇచ్చెయ్యండి.